ఊరికో పని: సివిలైజేషన్ ఆటలో పల్లెలూ, పట్నాలూ

కథల మీదా, సినిమాల మీదా విమర్శలు అచ్చయ్యే ఇలాంటి సంచికలో కంప్యూటర్ ఆట మీద వ్యాసమేమిటని కొందరికి అనిపించవచ్చు. అనిపిస్తే తప్పు లేదు. కానీ మన ఇళ్ళల్లో పెరుగుతున్న పిల్లల్లో కొందరికి అశోకుడి పేరు మొదట తగిలేది పాఠ్యపుస్తకంలో కాదు, ఇలాంటి ఆటల్లో. ఒక నవల మీద పది గంటలు గడపని పిల్లవాడు ఒక ఆట మీద వందల గంటలు గడుపుతాడు. అన్ని గంటలు నేర్పేది ఏమిటో ఎవరో ఒకరు తీరిగ్గా చూడాలి కదా!

పైగా ఆట చెప్పే మాట నవల చెప్పే మాటలా ఉండదు. నవలలో రచయిత అభిప్రాయం పాత్రల మాటల్లోనో, ముగింపులోనో దొరుకుతుంది. ఆటలో అది నియమాల్లో దాక్కుంటుంది. ఏ పనికి లాభం వస్తుంది, ఏ పనికి నష్టం వస్తుంది, ఏ పనికి అసలు లెక్కే లేదు: ఈ మూడూ చూస్తే ఆట లోకాన్ని ఎలా చూస్తోందో తెలిసిపోతుంది. ఇరవై ఏళ్ళుగా ఇతరులు రాసిన ప్రోగ్రాములు చదువుతూ బతుకుతున్నవాణ్ణి కాబట్టి నాకు ఈ చదువు కొంత అలవాటే.

నేను మాట్లాడబోయేది 2005లో వచ్చిన 'సివిలైజేషన్ 4' గురించి. ఫిరాక్సిస్ సంస్థ తయారుచేసిన ఈ ఆటకి ముఖ్య రూపకర్త సోరెన్ జాన్సన్. క్రీస్తుపూర్వం 4000లో ఒక్క ఊరితో మొదలుపెట్టి, ఆధునిక కాలం దాకా రాజ్యాన్ని నడపాలి. భారతదేశాన్ని ఎంచుకుంటే అశోకుడో, గాంధీయో మన నాయకుడు. యుద్ధాలున్నాయి, మతాలున్నాయి, రాయబారాలున్నాయి. కాని ఆట గెలిచేదీ ఓడేదీ ఊళ్ళ నిర్వహణలో.

ప్రతి ఊరికీ చుట్టూ ఇరవై గళ్ళ నేల ఉంటుంది. ఊళ్ళో ఒక్కొక్క మనిషి ఒక్కొక్క గడిలో పనిచేస్తాడు. ఒక్కొక్కరికి రెండు పాళ్ళ తిండి కావాలి. మిగిలిన తిండితో ఊరు పెరుగుతుంది. కొత్తగా ఆడేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ అన్నీ కడతారు: బడి, బజారు, సైనిక శిబిరం, గుడి. చూడడానికి న్యాయంగానే ఉంటుంది, ఖజానా మాత్రం ఖాళీ అవుతుంది. అనుభవమున్నవాళ్ళు ఊరికో పని అప్పగిస్తారు. ఒకటి డబ్బుకి, ఒకటి సైన్యానికి, ఒకటి పండితులకి.

దీని వెనకున్నది చిన్న లెక్క. ఆటలో పెద్ద కట్టడాలు రాబడిని శాతాల్లో పెంచుతాయి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఒక ఊరి శాస్త్ర పరిశోధనని రెట్టింపు చేస్తుంది. పది వచ్చే ఊళ్ళో కడితే లాభం పది, వంద వచ్చే ఊళ్ళో కడితే లాభం వంద. అటువంటి జాతీయ కట్టడాలు ఒక ఊళ్ళో రెండుకు మించి కట్టనివ్వరు. కాబట్టి ఏ ఊరు ఏ పనికో ముందే తేల్చుకోవాలి. రాజధానికి దూరంగా ఉన్న ఊళ్ళకి నిర్వహణ ఖర్చు ఎక్కువ. ఊళ్ళ సంఖ్య పెరిగినకొద్దీ అన్ని ఊళ్ళకీ ఖర్చు పెరుగుతుంది. న్యాయస్థానం కడితే ఆ ఖర్చు సగానికి దిగుతుంది. పాలన అందని రాజ్యం బరువే తప్ప బలం కాదని ఏ ఉపన్యాసమూ లేకుండా చెప్పిన నియమం ఇది. ఈ ఆటని నేను మెచ్చుకునే కారణాల్లో ఇదొకటి.

ఇంకొకటి, నా ఉద్దేశంలో ఆట మొత్తానికీ అందమైన నియమం, గుడిసెకు సంబంధించినది. ఖాళీ గడిలో గుడిసె వేస్తే మొదట దాని రాబడి నామమాత్రం. అక్కడ ఒక మనిషి పది టర్నులు పనిచేస్తే అది పాలెం అవుతుంది. మరో ఇరవై టర్నులకి పల్లె. ఇంకో నలభైకి పట్నం. మొత్తం డెబ్భై టర్నులు. మధ్యలో ఆ మనిషిని వేరే పనికి పంపితే పెరుగుదల అక్కడే ఆగిపోతుంది. శత్రువు వచ్చి దోచుకుంటే పట్నం పల్లె అవుతుంది, మళ్ళీ దోస్తే పాలెం అవుతుంది. ఏ గనినైనా కొన్ని టర్నుల్లో తిరిగి కట్టుకోవచ్చు. పట్నాన్ని కట్టడానికి ఆటలో ఏ ఆజ్ఞా లేదు. ఎవరో ఒకరు అక్కడ కాపురముండి ఎదురుచూడాల్సిందే.

ఇంతవరకూ మెప్పు. ఇక అభ్యంతరాలు.

మొదటిది: ఏ ఊరు ఏ పని చెయ్యాలో ఒక్క బుర్రే నిర్ణయిస్తుంది. ఆటగాడు రేవు కడితే రేవు పట్టణం. నిజంగా రేవులు అలా వెలిశాయా? మన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం చూడండి. తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకుని అంతకుముందు రాజులు బలవంతంగా లాక్కునేవారట. తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని, ప్రాణాలకి తెగించి సముద్రం దాటే వర్తకులకి అభయమిస్తున్నానని ఆ శాసనం సారాంశం. రాజు చేసింది రేవు కట్టడం కాదు, తన చెయ్యి తాను కట్టేసుకోవడం. వర్తకులు నమ్మితేనే అది రేవు. ఆటలో రేవుకి సుత్తిదెబ్బల లెక్క ఉంది గాని, నమ్మకానికి లెక్క లేదు. ఆటగాడు తన ప్రజలకిచ్చిన మాట మీద నిలబడాల్సిన సందర్భం ఒక్కటీ రాదు.

రెండవది ఇంకా గట్టిది. కంచు పని విద్య నేర్చుకోగానే ఆటలో బానిసత్వం అనే వ్యవస్థ అందుబాటులోకి వస్తుంది. ఊళ్ళో ఒక మనిషిని 'ఖర్చు' పెడితే ముప్పై సుత్తుల పని తక్షణం పూర్తవుతుంది. ఊరికి కాస్త అసంతృప్తి కలుగుతుంది. పది టర్నుల్లో అది మాయం! తిండి బాగా పండే ఊళ్ళో పోయినవాడి స్థానంలో కొత్తవాడు త్వరగానే పుడతాడు. అందుకే ఆట బాగా వచ్చినవాళ్ళు దీన్ని గొప్ప సదుపాయంగా ఎంచుతారు. చరిత్రలో బానిసత్వం లేదని దాచిపెట్టనందుకు ఆటని తప్పుపట్టను. అది లాభసాటిగా ఉండేది కాబట్టే అంతకాలం సాగింది, ఆ మాట నిజమే. నా అభ్యంతరం పది టర్నుల మీద. 1860లో మద్రాసులో బయల్దేరిన ట్రూరో అనే ఓడ ఒప్పంద కూలీలతో నేటాల్ చేరింది. ఆ ఏడాది మొదలైన ప్రయాణాల్లో, అంతకు ముందే మారిషస్‌కి మొదలైన ప్రయాణాల్లో, మన తెలుగువాళ్ళు ఎందరో చెరుకుతోటలకి వెళ్ళారు. మారిషస్‌లో తెలుగువాళ్ళకి 'కొరింగీలు' అన్న పేరు మన కోరంగి రేవు నుంచి వచ్చినదే. నూటయాభై ఏళ్ళు దాటినా ఆ కుటుంబాలు తాము ఎలా వచ్చామో మరిచిపోలేదు. ఒప్పంద కూలీ, బానిసత్వం ఒకటి కాదు, తెలుసు. కాని మనిషిని పనిగంటలుగా మార్చిన లెక్క రెండింటిలోనూ ఉంది. ఆ లెక్కలో మరుపుని ఉచితంగా ఇచ్చింది ఆట ఒక్కటే.

మూడవది మనందరికీ తగిలే విషయం. ఈ ఆటలో ప్రతి గడికీ, ప్రతి ఊరికీ జాతీయత శాతాల్లో ఉంటుంది. సరిహద్దు ఊరిని తెరిచి చూస్తే అరవై శాతం ఒక దేశం, నలభై శాతం మరో దేశం అని పట్టీ కనిపిస్తుంది. జయించి తెచ్చుకున్న ఊళ్ళో జనం మాతృదేశంలో కలుస్తామని గొణుగుతారు. ఆ కోరికకి ఆట పెట్టిన పేరు అసంతృప్తి. అది ఖర్చుల పద్దులో చేరుతుంది. నాటకశాలలూ, గ్రంథాలయాలూ కడుతూ పోతే కొత్త దేశం శాతం పెరిగి పాతది తరుగుతుంది, గొణుగుడు ఆగుతుంది.

ఈ నియమం రాసినవాడికి వలస గురించి బొత్తిగా తెలియదని అనలేను. సంస్కృతి సైన్యం కంటే నెమ్మదిగా, లోతుగా పనిచేస్తుందని ఇంత సూటిగా చూపిన ఆట మరొకటి నేను చూడలేదు. కాని మొత్తం నూరుకి మించకూడదన్న షరతు దగ్గరే నాకు పేచీ. ఒకటి పెరగాలంటే ఇంకొకటి తరగాల్సిందేనా? మన సంఘాలూ, ఆదివారం తెలుగు బడులూ, ఈ సంచికా ఆ షరతుని ఒప్పుకోనివాళ్ళు నడుపుతున్నవే. త్యాగరాజ కీర్తన పాడే పిల్ల బేస్‌బాల్ తక్కువగా ఆడుతుందని ఎవరూ నిరూపించలేదు. సాయంత్రాలు సరిపోవంటారా, అది శాతాల సమస్య కాదు, కారు నడిపే తల్లిదండ్రుల సమస్య.

ఇరవై ఏళ్ళ తర్వాత, 2025 ఫిబ్రవరిలో, ఇదే వరుసలో ఏడవ ఆట వచ్చింది. ఇందులో ఊళ్ళ ప్రత్యేకత తెరవెనక లెక్క కాదు, నేరుగా నియమమే. కొత్తగా వేసిన ప్రతి ఊరూ మొదట చిన్న పట్నం. దాని ఉత్పత్తి అంతా బంగారంగా మారుతుంది. డబ్బు కట్టి దాన్ని నగరంగా మార్చుకోవచ్చు. లేదా, విడుదలనాటి నియమాల ప్రకారం జనాభా 7కి చేరాక, దానికొక వృత్తి ఎంచవచ్చు: వ్యవసాయం, గనులు, కోట, వర్తకం. వృత్తి ఎంచగానే ఆ పట్నం పెరగడం ఆగిపోతుంది. మిగులు తిండి అంతా తనతో కలిసి ఉన్న నగరాలకి పోతుంది.

ఈ నియమం చదివినప్పుడు గోదావరి డెల్టా గుర్తుకు రాని తెలుగువాడుండడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఆ నేల వరికి అంకితమైంది. ఇప్పటి మాటల్లో, వ్యవసాయ పట్నం. కాని అక్కడి మిగులు బియ్యం రూపంలో మాత్రమే బయటికి పోలేదు. రైసుమిల్లులైంది, కాలేజీలైంది, సినిమాలైంది, పిల్లల ఇంజనీరింగు ఫీజులైంది. ఆ పిల్లలు ఊరు దాటారు, దేశం దాటారు. వాళ్ళు పంపిన డబ్బుతో ఊళ్ళో మేడలు లేచాయి, మేడల్లో ఇద్దరేసి ముసలివాళ్ళు మిగిలారు. ఆటలో ఇదంతా ఒకే వైపు బాణం: తిండి పట్నం నుంచి నగరానికి. తిరుగు బాణం లేదు. వలసజీవి అనే పావు ఉందిగాని, అతను దిగిన చోట జనాభా ఒకటి పెరగడంతో అతని కథ సరి. ఎక్కడి నుంచి వచ్చాడో, ఎవరికి ఉత్తరం రాస్తాడో ఆటకి అక్కర్లేదు.

ఒక్క విషయంలో ఏడవ ఆట తెగువ చూపింది. ఒక యుగం ముగిసి మరొకటి మొదలైనప్పుడు, రాజధాని తప్ప నగరాలు సాధారణంగా మళ్ళీ పట్నాలైపోతాయి. చాలామంది ఆటగాళ్ళకిది మింగుడుపడలేదు. నాకు మాత్రం సబబుగానే తోచింది. గణపతిదేవుడు అభయమిచ్చిన మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో చిన్న ఊరు. ఊళ్ళ వైభవం శాశ్వతం కాదని ఒప్పుకున్న ఆటలు అరుదు. అయితే అన్ని నగరాలూ ఒకే రోజున గంట కొట్టినట్టు దిగిపోవడం చరిత్ర కాదు, ఆట తీరిక.

అదే ఆటలో సాంచి స్తూపం ఒక అద్భుతకట్టడం. ఒక ఊరు తన ఉత్పత్తి వెచ్చించి కట్టేస్తుంది. అసలు సాంచిలో దక్షిణ తోరణం మీద శాతకర్ణి శిల్పుల పెద్ద ఆనందుడి దానం చెక్కి ఉంది. అదే తోరణం మీద విదిశ దంతపు పనివాళ్ళ పేరూ ఉంది. కట్టడం నిండా వర్తకులూ, గృహిణులూ, భిక్షువులూ, భిక్షుణులూ ఇచ్చిన చిన్న చిన్న దానాల శాసనాలు వందలకొద్దీ ఉన్నాయి. దంతం చెక్కడం విదిశవాళ్ళకి అబ్బిన విద్య. ఆ విద్యని రాతి మీదికి ఎక్కించమని ఏ ఆటగాడూ మీట నొక్కలేదు.

రెండు ఆటల్లో ఏది మేలంటే నా ఓటు నాలుగవదానికే. ఏడవది ఊరి వృత్తిని జాబితాలోంచి ఎంచుకోమంటుంది. నాలుగవది, బానిసత్వాన్ని అంత చవగ్గా అమ్మినా, ఒక్క గుడిసె విషయంలో మాత్రం ఊరికి కాలం కావాలని ఒప్పుకుంది. పిల్లలు ఆడుతుంటే మానిపించమని నేను చెప్పను. పక్కన కూర్చుని, ఆ వ్యవసాయ పట్నంలో ఎవరుంటారు, వాళ్ళ పిల్లలెక్కడికి పోయారు అని ఒక్కసారి అడగండి. ఆట దగ్గర ఆ జవాబు లేదు. మన దగ్గరుంది, మన ఊరి పేరుతో సహా.