అతుకు తెలిసిన పని
జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో సీ నేర్చుకునేవాళ్లు ఎన్‌కర్సెస్ లైబ్రరీతో టెర్మినల్ ప్రోగ్రామ్ రాసి, ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అనే ఎర్రర్ దగ్గర ఆగి, దాన్ని సరిచేసుకుంటే మెచ్చుకోవాల్సిందే. ఫంక్షన్ ఉందని హెడర్ ఫైలు మాటిస్తుంది, అంతే. ఆ మాట నిలబెట్టేది లైబ్రరీ. కంపైలర్ ఒప్పుకున్నాక, ముక్కల్ని అతికే లింకర్ మొరాయించిందంటే లోపం సాధారణంగా అతుకులోనే. పెంబర్తి ఇత్తడి రేకు మీద నగిషీ ఎంత బాగున్నా తలుపు కొయ్యకు అమరాలి కదా!

కంపైల్ చేసే ఆదేశానికి ‘మైనస్ ఎల్ ఎన్‌కర్సెస్’ తగిలించడమూ ఒక నైపుణ్యమేనా అనొచ్చు. ఎక్కడ తగిలించాలో తెలియడమే నైపుణ్యం. లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది, కాబట్టి లైబ్రరీ పేరు ప్రోగ్రామ్ ఫైలు తర్వాతే రావాలి. కొన్ని లినక్సుల్లో అదీ చాలదు: ‘కీప్యాడ్’ ఫంక్షన్ టిన్ఫో అనే వేరే లైబ్రరీలో ఉంటుంది. ఎర్రర్‌ను ఓపిగ్గా చివరిదాకా చదివితే ఆ లైబ్రరీ ఫైలు పేరు చాలాసార్లు అక్కడే కనిపిస్తుంది.