మార్కులు లేని సాయంకాలము

ఫిగర్ స్కేటింగ్ విద్యను నేను తొలుత ప్రేమించినది కొలతల నడుమనే. గాలిలోనికి లేచిన దేహము ఎన్ని చుట్లు తిరిగినదో, దిగునప్పుడు బ్లేడు ఏ యంచుపై నిలిచినదో, ఆఖరి చుట్టు పావువంతైనను తక్కువ పడినదో లేదో వీడియోలో నెమ్మదిగా త్రిప్పి చూచి అంకెలు వేయు న్యాయనిర్ణేతల యెదుట, పడినచో మార్కుల కోతకు లోబడి, ఈ విద్యనభ్యసించువారు తమ బాల్యయౌవనములను గడపుదురు. ఆ కొలతలను నేను నిందింపను. అవి లేనిచో ఈ విద్య ఇంత యెత్తునకు ఎదిగియుండదు. అయినను చిరకాలము తూనికకు కట్టుబడిన నేర్పు ఒక్క సాయంకాలము ఆ తూనికను విడిచి, తానెరుగని పిల్లల ప్రాణములకై తన్ను తాను అర్పించుకొనునప్పుడు దానియందు వెలయు శోభ వేరు. ఆ శోభను నేను బోస్టన్‌లోని ఒక ధర్మార్థ ప్రదర్శనమున కన్నులార చూచితిని.

అది హార్వర్డ్ విశ్వవిద్యాలయమునందలి ఎలియట్ హౌస్ అను వసతిగృహపు విద్యార్థులు నడపుచు వచ్చిన ‘యాన్ ఈవెనింగ్ విత్ ఛాంపియన్స్’. 1970లో, తానును అచ్చటి విద్యార్థియే యైన జాన్ మిషా పెట్‌కెవిచ్ దీనికి నాంది పలికెను. 1968లో గ్రెనోబుల్‌లోను, 1972లో సప్పోరోలోను ఒలింపిక్ మంచుపై ఆడి, నడుమ 1971లో అమెరికా జాతీయ విజేతయైన ఆ యువకుడు, తనకు వచ్చిన విద్యను, క్యాన్సరు సోకిన పిల్లల చికిత్సకును పరిశోధనకును ధనము కూర్చు జిమ్మీ ఫండ్‌తో ముడివేసెను. ఆయన చదువు ముగించి వెళ్లిన పిదపను ఆ ముడి వీడలేదు. ఆటగాండ్రను పిలుచుట, టిక్కెట్లమ్ముట, దీపములను సంగీతమును సమకూర్చుట యను పనులన్నింటిని, ఒక తరగతివారు పట్టములు పుచ్చుకొని వెళ్లుచుండగా మరియొక తరగతివారు భుజముల కెత్తుకొనిరి.

ప్రదర్శనము జరిగిన బ్రైట్ హాకీ భవనము అంత పెద్దది కాదు. ఆ చిన్నతనమే ప్రేక్షకునకు వరము. టెలివిజన్‌లో చూచువారి చెవి సోకనిది యొకటి యచ్చట వినవచ్చును. స్కేటు బ్లేడు సుమారు 4 మిల్లీమీటర్ల మందముండును. దాని యడుగున సన్నని పల్లము నూరుటచే లోపలి యంచు, వెలుపలి యంచు అని రెండేర్పడును. దేహభారమునంతయు నిర్భయముగా ఒక్క యంచుపై వాల్చగలవాని క్రింద మంచు, పట్టుబట్టను నిదానముగా చించినట్టి ధ్వని చేయును. నేర్పు చాలనివాని క్రింద గరగరలాడును. దీపములార్పి, ఆటగాని వెంట ఒక్క కాంతివలయమును మాత్రమే పోనిచ్చినప్పుడు చూపునకు పని తగ్గి వినికిడికి పని పెరుగును. ఆ వెలుగు మనకు సొంపేగాని ఆటగానికి సుఖము కాదు. కన్నులు మిరుమిట్లు గొల్పు కాంతిలో నుండి చీకటిలోనికి గెంతవలెను. దిగు చోటు, అంచు కంచె, రెండును సరిగా కానరావు. అట్టి స్థితిలో దిగి, ఏ నిబంధనయు కోరనంత దీర్ఘముగా వెనుకకు జారు వంపును నిలిపియుంచినవారిని చూచి, మార్కు రాని చోట నేర్పు సడలునని తలచువారి తలపు తప్పని నేను గ్రహించితిని.

పోటీలు త్రోసిపుచ్చినవానిని సైతము ప్రదర్శనములు కాపాడినవి. 1976లో ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్ క్రీడలలో టెరీ కుబిచ్కా చేసిన వెనుకపల్టీ ఆ పిమ్మట నిషిద్ధమై, 2024లో నిబంధన సడలువరకు ప్రధానముగా ఇట్టి వేదికలపై జీవించెను. ఇచ్చట స్థానిక క్లబ్బు బాలికయు, 1992లో ఆల్బర్‌విల్‌లో రజతపతకము గెలిచిన, హార్వర్డ్‌లో చదివిన పాల్ వైలీ వంటివారును ఒకే మంచుపై ఆడుచుండిరి. పడి లేచిన పసిదానికి విజేతకంటె మిన్నగా చప్పట్లు మ్రోగుచుండెను.

ఈ వినోదము వెనుకనున్న కథ తెలుగువారికి మరింత దగ్గరిది. 1948 మే 22న రేడియో ప్రయోక్త రాల్ఫ్ ఎడ్వర్డ్స్, బోస్టన్ ఆసుపత్రిలో క్యాన్సరుతో పడియున్న పండ్రెండేండ్ల బాలునితో దేశమంతయు వినునట్లు సంభాషించెను. ఆ బాలుని అసలు పేరు ఐనర్ గుస్టాఫ్సన్. మరుగుకొరకు పెట్టిన పేరు జిమ్మీ. బోస్టన్ బ్రేవ్స్ బేస్‌బాల్ ఆటగాండ్రు అతని మంచముకడకే వచ్చిరి. ఆటలు చూచుకొనుటకు ఒక టెలివిజన్ కావలెనని శ్రోతలను వేడగా 2,00,000 డాలర్లకు పైగా సొమ్ము వచ్చిపడెను. జిమ్మీ ఫండ్ ఆనాటిది. ఆ బాలుడు మరణించియుండునని లోకము తలచుచుండగా, 1998లో లారీ డ్రైవరై జీవించియున్న పెద్దమనిషిగా మరల వెలుగులోనికి వచ్చెను.

ఆ బాలుని వైద్యుడు సిడ్నీ ఫార్బర్. 1948 జూన్‌లో ఆయన ప్రకటించిన వ్యాసము, ల్యుకేమియా అను రక్తపు క్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అను మందీయగా 10 మందికి కొంతకాలము వ్యాధి నెమ్మదించెనని తెలిపెను. ఆ మందు వచ్చినది లెడర్లీ ప్రయోగశాలనుండి. అచ్చట పరిశోధనలకు నాయకుడు భీమవరమున పుట్టిన మన యెల్లాప్రగడ సుబ్బారావు. బోస్టన్ చేరి, హార్వర్డ్ వైద్యకళాశాలలో ఏండ్లతరబడి శ్రమించి, 1940లో లెడర్లీకి వెళ్లిన ఆ మహనీయుడు, ఫార్బర్ వ్యాసము వెలువడిన రెండు నెలలకే, ఆగస్టులో కన్నుమూసెను. కొన్ని నెలల యుపశమనము మాత్రమే ఆయన చూడగలిగిన ఫలము. దానికి తోబుట్టువై అదే ప్రయోగశాలలో పుట్టిన మెథోట్రెక్సేట్ నేటికిని పిల్లల ల్యుకేమియా చికిత్సలో నిలిచియున్నది. సంపన్నదేశములలో ఆ వ్యాధి సోకిన పిల్లలలో అత్యధికులు నేడు బ్రదుకుచున్నారు.

గాలిలో క్షణమైన నిలువని గెంతును చూచుచు నేను సుబ్బారావుగారిని తలచుకొంటిని. నాటి పిల్లలకు దక్కిన నెలలును స్వల్పములే. కాని ఆ స్వల్పకాలమును అల్పమని త్రోసివేయక, దానిపై మరియొకరు, వారిపై వేరొకరు తమ శ్రమను పేర్చుటవలననే చికిత్స వృద్ధి పొందినది. ఫలమును చూతునో చూడనో యని లెక్కింపక తన విద్యను ఇచ్చివేయుట యందు శాస్త్రజ్ఞుడును, మంచుపై ఆడువాడును, టిక్కెట్లమ్ము విద్యార్థియు నొక్కటే.

కావున మన కళాశాలల యువతీయువకులకు నాదొక విన్నపము. మీలో కూచిపూడి నేర్చినవారు కలరు, వీణ మీటువారు కలరు, మల్లయుద్ధమునందును ఆటలయందును మేటులు కలరు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల చికిత్స కొరకు వేచియున్న పిల్లలును కలరు. బహుమతుల పోటీలకు మీరు వెచ్చించు శ్రద్ధనే ఏటికొక సాయంకాలము వారి కొరకు వెచ్చించుడు. మీరు పట్టము పుచ్చుకొని వెళ్లునాటికి ఆ పనిని అందుకొనువారిని సిద్ధపరచుడు. పెట్‌కెవిచ్ దీనిని మొదలిడిననాటికి ఆయనకును ఇరువదియొక్క యేండ్ల ప్రాయమే.