బర్కెన్‌హెడ్ వెక్కిరింత

లివర్‌పూల్ పేరు చెప్పగానే జనం బీటిల్స్‌ను తలుచుకుంటారు. తలుచుకోనీండి. నా ఓటు మాత్రం మెర్సీ నదికి ఆవలి ఒడ్డున, ఓడలు కట్టి బతికిన బర్కెన్‌హెడ్ ఊరికే. అక్కణ్నుంచి వచ్చిన ‘హాఫ్ మ్యాన్ హాఫ్ బిస్కెట్’ బ్యాండు నలభై ఏళ్లుగా ఇంగ్లండ్‌ను మొహం మీదే వెక్కిరిస్తోంది. పాటలు రాసి పాడే నైజెల్ బ్లాక్‌వెల్, బేస్ గిటార్ వాయించే నీల్ క్రాస్లీ మొదటినుంచీ ఉన్నవాళ్లు. ఇంత బాగా పాట కట్టగలవాడు ఈ కాలంలో బ్రిటన్‌లో బ్లాక్‌వెల్ తప్ప ఇంకొకడు లేడంటాను. కాదన్నవాళ్లతో తెల్లవార్లూ వాదించడానికి సిద్ధం.

చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. మొదటి ఆల్బమ్ 1985లో వచ్చిన ‘బ్యాక్ ఇన్ ద డీహెచ్ఎస్ఎస్’. బీటిల్స్ పాట పేరు విరిచి, నిరుద్యోగ భృతి ఇచ్చే ప్రభుత్వ శాఖ పేరు అతికించారు. థాచర్ హయాంలో ముప్పై లక్షలమందికి పైగా పనిలేక కూర్చున్న రోజులవి. రికార్డింగుకు అయిన ఖర్చు నలభై పౌండ్లేనని చెప్పుకుంటారు. లివర్‌పూల్‌లో రికార్డుల కొట్టు పెట్టిన జెఫ్ డేవీస్ తన ‘ప్రోబ్ ప్లస్’ లేబుల్ మీద వేశాడు, బీబీసీలో జాన్ పీల్ మళ్లీమళ్లీ వినిపించాడు. 1986లో చిన్న లేబుళ్ల రికార్డుల చార్టులో అది మొదటి స్థానానికి ఎక్కింది. పేరొచ్చిన ఆ ఏడాదే బ్యాండు మూసేశారు. విడిపోయే ప్రతి బ్యాండూ సంగీతంలో అభిప్రాయభేదాలొచ్చాయంటుంది. వీళ్లేమో అభిప్రాయాలు మరీ కలిసిపోయాయన్నారు! 1990లో మళ్లీ కలిశారు.

మూసేయకముందు జరిగిన ముచ్చట ఒకటి అభిమానులకు భారతమంత. అప్పట్లో కుర్రకారు టీవీకి అతుక్కుపోయి చూసే ‘ద ట్యూబ్’ అనే షో శుక్రవారం సాయంత్రం వచ్చేది. అందులో పాడమని పిలుపొచ్చింది. ఆ రాత్రి సొంత ఊరి ఫుట్‌బాల్ జట్టు ట్రాన్‌మీర్ రోవర్స్ ఆట ఉంది, రామన్నారు. హెలికాప్టర్‌లో దింపుతామన్నా వద్దన్నారట. అప్పటి ట్రాన్‌మీర్ అట్టడుగు డివిజన్ జట్టని గుర్తుంచుకోవాలి.

వీళ్లను ‘కామెడీ బ్యాండ్’ అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నవ్వు వస్తుంది, నిజమే. ఆ నవ్వు ఎక్కణ్నుంచి వస్తోందో చూడాలి కదా. బ్లాక్‌వెల్ ‘ఒక కొట్టు’, ‘ఒక మందు’ అని రాయడు. కొట్టు పేరు, మందు పేరు, రిఫరీ పేరు, టీవీలో వాతావరణం చదివినాయన పేరు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు దిగుతాయి. ‘ఆల్ ఐ వాంట్ ఫర్ క్రిస్మస్ ఈజ్ ఎ డుక్లా ప్రాగ్ అవే కిట్’ వినండి. బొమ్మకార్ల ట్రాకున్న స్నేహితుడి ఇంటికి పిల్లలు ఆడుకోవడానికి వెళ్తారు. దాని ట్రాన్స్‌ఫార్మర్ పనిచేయదు. అప్పుడు వేలితో మీటి ఆడే సబ్యుటియో ఫుట్‌బాల్ బయటికొస్తుంది. ఇంత చిన్న విషయంలో, కలిగిన ఇంటి పిల్లాడి పెత్తనం, లేనివాడి కుళ్లు, పండక్కి ఫలానా బొమ్మే కావాలన్న మొండితనం మొత్తం ఇమిడిపోయాయి. చెకొస్లొవేకియా సైనిక జట్టు డుక్లా ప్రాగ్ బయటి ఊళ్లలో వేసుకునే చొక్కాకు ఇంగ్లండ్‌లో గిరాకీ వచ్చిందంటే ఆ పాట పుణ్యమే.

శబ్దం మీద ఆయన పట్టు ఇంకో మెట్టు పైది. 2008 నాటి ‘నేషనల్ షైట్ డే’ బజారుకెళ్లిన ఒక దిక్కుమాలిన రోజు కథ. అందులో ఒక జులపాల జుట్టు, ఒక సుత్తి, ఒక దుకాణం ఒకే పాదంలోకి వస్తాయి. ఇంగ్లిష్‌లో ఆ మూడు పేర్లకూ హల్లులు దాదాపు ఒకటే, అచ్చులే వేరు. మన ఆలంకారికుడెవరైనా వింటే అనుప్రాస కింద ఉదాహరణగా రాసుకునేవాడు. అదంతా బర్కెన్‌హెడ్ యాసలో, కూరగాయల బేరమాడుతున్నంత తాపీగా, మొహంలో నవ్వు జాడ లేకుండా పాడతాడు.

ఇక పేరడీ. జరుక్ శాస్త్రి శ్రీశ్రీని అంత చక్కగా వెక్కిరించాడంటే శ్రీశ్రీ కవిత్వం ఆయన నరాల్లో ఉంది గనకే. బ్లాక్‌వెల్‌కు రాక్ సంగీతం, జానపదం, చర్చి పాటలు అలా ఒంటబట్టాయి. క్యూబా ‘బ్యూనా విస్టా సోషల్ క్లబ్’ను తెచ్చి తన ఊరి ఓడల కార్ఖానా పేరు తగిలిస్తే 2002లో ‘క్యామెల్ లేర్డ్ సోషల్ క్లబ్’ అయింది. 2011 ఆల్బమ్ ‘90 బైసొడాల్ (క్రిమండ్)’. బైసొడాల్ అసిడిటీ మందు, క్రిమండ్ 23వ కీర్తన పాడుకునే బాణీ. కడుపుమంటనూ దైవభక్తినీ ఒకే అట్ట మీదికి ఎక్కించిన ఘనుడు!

2022లో వచ్చిన ‘ద వోల్టరోల్ ఇయర్స్’ పేరు కీళ్లనొప్పులకు రాసుకునే జెల్‌ది. రాక్ గాయకులు అరవై దాటినా తోలు ప్యాంట్లు విడవని రోజుల్లో ఈయన మోకాళ్ల సంగతి అట్టమీదే ఒప్పేసుకున్నాడు. ఆ ఆల్బమ్ వేసిన లేబుల్ ‘ఆర్.ఎం. క్వాల్‌ట్రో’. 1931లో లివర్‌పూల్‌లో ఒక బీమా ఏజెంటును లేని చిరునామాకు రప్పించి, ఇంట్లో భార్యను చంపిన కేసులో, ఫోన్ చేసినవాడు చెప్పుకున్న దొంగపేరది. ఇలాంటి పేరు వెతికి పెట్టుకునే బుద్ధి ఇంకెవరికి పుడుతుంది? చివరి పాట ‘ఆబ్లాంగ్ ఆఫ్ డ్రీమ్స్’ డీ, మెర్సీ నదుల నడుమనున్న తన విరల్ ద్వీపకల్పాన్ని కాలినడకన చుట్టి పాడినది. వెక్కిరింత అక్కడ కరిగి, నికార్సయిన ప్రేమ మిగులుతుంది. 2025లో ‘ఆల్ అసిమోవ్ అండ్ నో ఫ్రెష్ ఎయిర్’ వచ్చింది. చేయి తిరిగినవాడు ఇంకా కలం దించలేదు.

టూర్లంటారా, వీళ్లకు ఆ మాటే నప్పదు. ఏడాది పొడుగునా వేళ్లమీద లెక్కపెట్టేన్ని కచేరీలు. పాడి, వీలైతే ఆ రాత్రికే ఇంటికి పోయి సొంత మంచంమీద పడుకోవడం వాళ్లకిష్టం. మధ్యలో ఎవరూ ఊహించని ఎవరిదో పాట ఒకటి తీసి వాయిస్తారు. జనం ప్రతి పాటా అక్షరం పొల్లుపోకుండా అందుకుంటారు.

ఇప్పుడు మార్కెట్లో దొరికే ‘వింత’ చూడండి. వింత పేరు, పాత అంగడి స్వెట్టరు, పాటలో రెండు బిస్కెట్ల బ్రాండ్లు. అంతే, ‘విలక్షణం’ అని రాసేస్తున్నారు. పేరు వాడుకుంటారు తప్ప ఆ పేరుతో పెరిగిన బతుకు తెలియదు. ఇంకోపక్క 2025 ఒయాసిస్ బ్యాండు పునఃకలయిక టికెట్ల అమ్మకంలో, నిలబడి చూసే చోటు వెల, జనం వరసలో ఉండగానే 150 పౌండ్ల దగ్గర్నుంచి 350 దాటేసింది. దీన్ని దోపిడీ అనకుండా ‘డైనమిక్’ ధర అన్నారు! పాతికమందితో మొదలుపెట్టి పాట పండించుకునే చిన్న వేదికలు మాత్రం 2023 ఒక్క ఏడాదిలోనే బ్రిటన్‌లో 125 పోయాయి. ఇరవై ఏళ్ల బ్లాక్‌వెల్ ఒకడు ఇవాళ బయల్దేరితే ఎక్కడ పాడాలి? వాడి పాట వేయడానికి జాన్ పీల్ లేడు, 2004లోనే పోయాడు. అచ్చువేయడానికి డేవీస్ లేడు, 2023లో ఆయనా పోయాడు.

అభిమానులు తలుచుకుంటే ఏం చేయగలరో 2010లో చూశాం. బీబీసీ తన ‘6 మ్యూజిక్’ రేడియోను మూసేస్తానన్నప్పుడు, ఎప్పుడో 2005లో వచ్చిన వీళ్ల పాట ‘జాయ్ డివిజన్ ఓవెన్ గ్లవ్స్’ను పట్టుబట్టి కొని చార్టుల్లోకి ఎక్కించారు. రకరకాల నిరసనలు ఏకమై చివరికి ఆ మూసివేత ఆగింది.

మాంచెస్టర్, లీడ్స్ వైపు ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలకు ఒకటే విన్నపం. అరీనాలో సినిమా పాటల రాత్రికి వందల పౌండ్లు పోస్తున్నారు, పోయండి. కానీ మీ వీధి చివర పబ్బు పైఅంతస్తులో పాడే కుర్రాళ్ల దగ్గరికీ ఒక శుక్రవారం వెళ్లండి. హాఫ్ మ్యాన్ హాఫ్ బిస్కెట్ కచేరీ తేదీ పడిందని తెలిస్తే మాత్రం ఇంకేమీ ఆలోచించకుండా టికెట్ కొనేయండి, సగం పేర్లు అర్థం కాకపోయినా సరే.