కుబుసం అడిగే తేమ

డెట్రాయిట్ దగ్గర ఉంటున్న మా మేనకోడలు డిసెంబరులో ఫోన్ చేసి పాము గురించి అడిగింది. "మావయ్యా, గదిలో వేడి సరిగ్గానే ఉందండీ. కుబుసం మాత్రం ముక్కలు ముక్కలుగా ఊడుతోంది. ఏం చెయ్యమంటారు?" వాళ్లింట్లో మూడున్నర అడుగుల బాల్ పైథాన్ ఉంది. పశ్చిమ ఆఫ్రికా కొండచిలువ అది, విషం లేదు. బెదిరితే బంతిలా చుట్టుకుని తల లోపల దాచుకుంటుంది. వాళ్ల పెద్దవాడు పట్టుబట్టి తెచ్చుకున్నాడు. అక్కడి చట్టం దాన్ని ఇంట్లో పెంచుకోనిస్తుంది. కోనసీమ కొబ్బరి మార్కెట్ అంబాజీపేటలో ఉన్న నన్ను అడగడానికి కారణం ఉంది. పెట్టెలో దాని కింద పరిచింది కొబ్బరి పొట్టు. పొట్టు సంగతి మా ఊరివాళ్లని కాక ఎవర్ని అడుగుతారు?

ఆ చలికాలమంతా మామా కోడళ్లం ఆ పాము గది గురించే మాట్లాడుకున్నాం. తనకు తానుగా వేడి పుట్టించుకోలేని జీవికి నాలుగు గోడల మధ్య ఒక రుతువును కట్టి ఇవ్వడం ఎంత శ్రద్ధ గల పనో అప్పుడే తెలిసింది. చలి అనగానే అందరూ హీటరు కొంటారు. నీటి మాట ఎవరికీ తట్టదు. మా కోడలి ఇంట్లో జరిగిందీ అదే.

బయట సున్నా డిగ్రీల చలిలో గాలి తేమ 80 శాతం ఉందనుకోండి. ఆ గాలినే ఇంట్లోకి తీసుకుని 30 డిగ్రీలకు వేడి చేస్తే అందులో ఉన్న ఆవిరి పెరగదు, తగ్గదు. వేడిగాలి పట్టుకోగలిగే ఆవిరి మాత్రం దాదాపు ఏడు రెట్లు అవుతుంది. లెక్క కడితే తేమ 11–12 శాతానికి పడిపోతుంది. మనుషులకే పెదాలు పగిలే గాలి అది. బాల్ పైథాన్‌కు మామూలు రోజుల్లో 60 శాతం, కుబుసం విడిచే రోజుల్లో 70 శాతం పైన కావాలి. అదే మా కోనసీమలో జనవరి తెల్లవారుజామున, కొబ్బరి తోటల మీద మంచు తెర పట్టినప్పుడు, 18 డిగ్రీల దగ్గర తేమ 90 శాతం ఉందనుకుందాం. ఆ గాలిని 30 డిగ్రీలకు వేడి చేసినా తేమ 45 శాతం దగ్గర ఆగుతుంది. కాస్త తడి పొట్టు పరిస్తే మిగతాది అదే పూరిస్తుంది. డెట్రాయిట్‌లో ఆ పూరింపే పెద్ద పని.

కుబుసం దగ్గరకొచ్చిన పామును ఫోన్ తెరమీద రోజూ చూపించేది. ముందు ఒళ్లంతా మసకబారింది. తర్వాత కళ్లు పాలు కలిపిన నీలం రంగుకు తిరిగాయి. పాత తోలుకూ కొత్త తోలుకూ మధ్య సన్నటి ద్రవం చేరడం వల్ల అలా కనిపిస్తుంది. ఆ నాలుగు రోజులూ దానికి చూపు ఆనదు, మేత ముట్టదు, ముట్టుకుంటే విసురుగా ఉంటుంది. కళ్లు మళ్లీ తేటపడ్డాక మూడు నాలుగు రోజులకు మూతిని గరుకు చెక్కకు రుద్ది, పెదవి దగ్గర తోలు చిట్లించుకుని ముందుకు పాకుతుంది. అన్నీ కుదిరితే మేజోడు తిరగదీసినట్టు లోపలిది బయటికి తిరుగుతూ తల నుంచి తోకదాకా ఒక్క ముక్కగా వచ్చేస్తుంది. పాములకు రెప్పలుండవు. కంటిని కప్పి ఉండే పారదర్శకమైన పొలుసు కూడా కుబుసంతో పాటే ఊడి రావాలి.

గాలి పొడిగా ఉంటే ఇదంతా మధ్యలో ఆగిపోతుంది. తోలు చింపిరి చింపిరిగా ఒంటికి అంటుకుపోతుంది. కంటి పొర మిగిలిపోతుంది. తోక చివర ఉండిపోయిన ముక్క ఆరి ఉంగరంలా బిగుసుకుంటే రక్తం ఆగి తోక కొసే ఎండిపోవచ్చు. గోటితో లాగితే కింద ఉన్న లేత తోలు కూడా లేచిపోతుంది, కాబట్టి ఆ పని చేయకూడదు. గోరువెచ్చటి తడి గుడ్డ పరిచిన పెట్టెలో కాసేపు ఉంచితే దానంతట అదే రుద్దుకుని వదిలించుకుంటుంది. కంటి పొర మాత్రం పశువైద్యుడి చేతికే వదలాలి.

ఇక పొట్టు. కొబ్బరి డొక్కలో పీచు మూడో వంతే ఉంటుంది, మిగిలినదంతా పొట్టే. ఒకప్పుడు పీచు తీసుకుని పొట్టును కాలవ గట్ల మీద కుప్పలు పోసి వదిలేసేవారు. ఇప్పుడు దాన్నే ఎండబెట్టి, ఒత్తి, ఇటుకలుగా కట్టి కోకోపిట్ పేరుతో దేశాలు దాటిస్తున్నారు. తన బరువుకు ఆరేడు రెట్లు నీరు పట్టి మెల్లగా వదలడమే దాని గొప్పతనం. అంబాజీపేట మార్కెట్లో కురిడీకి, అంటే చిప్పలోనే ఎండిన కొబ్బరి గుండుకు, తేమ శత్రువు. నెలల తరబడి అటక మీద ఆరి, నీరు ఇంకి, గుండు చిప్పలో గలగలలాడితేనే గండేరా, గటగటా అని రకాలు కట్టి ధర చెబుతారు. అదే కాయ మీది డొక్కలో పొట్టుకు తేమ వల్లే విలువ వస్తోంది. పొట్టుకు విలువ తెచ్చే ఈ రెండో విద్యకు మా ఊళ్లో ఇంకా తగినంత గౌరవం దక్కలేదని నా అభిప్రాయం.

మా కోడలికి చెప్పింది ఇదీ. 650 గ్రాముల ఇటుకకు నాలుగు లీటర్ల గోరువెచ్చటి నీళ్లు పొయ్యి, ఎనిమిది తొమ్మిది లీటర్ల పొట్టు అవుతుంది. ఉప్పునీటిలో నానిన డొక్క పొట్టయితే ఉప్పు ఉంటుంది గనుక కడిగిన సరుకేనా అని పొట్లం మీద చూసుకో. ఉబ్బిన పొట్టును గుప్పిట పట్టి పిండు. ధార కారితే ఎక్కువైనట్టు, ఒకటి రెండు చుక్కలు రాలితే సరిపోయినట్టు, ముద్ద కట్టకుండా విడిపోతే ఆరిపోయినట్టు. నాలుగంగుళాల మందాన పరిచి, నీళ్లు పైన చల్లకుండా మూలల్లో పొయ్యి. అడుగు తడిగా, పైపొర పొడిగా ఉండాలి. పైన తడి నిలిస్తే పొట్ట కింది పొలుసులు పుళ్లు పడతాయి. గాలి ఆడకపోతే ఊపిరితిత్తులకు జబ్బు చేసి నోరు తెరిచి గురగురమంటుంది. పెట్టె పైనున్న జాలీని మూడొంతులు కప్పి ఒక వంతు వదిలేయమన్నాను. నీళ్ల పళ్లేన్ని వెచ్చటి వైపు జరపమన్నాను. తేమ కొలిచే మీటరు పొట్టుకు నాలుగు వేళ్ల ఎత్తున ఉండాలి. మూతకు అంటిస్తే అది పాము పీల్చే గాలిని కొలవదు.

వేడి విషయం తనే బాగా నేర్చుకుంది. పెట్టెలో ఒక చివర 32 డిగ్రీలు, రెండో చివర 26. తిన్న ఎలుక అరగాలంటే పాము వెచ్చటి వైపు చేరుతుంది, చాలనుకుంటే చల్లటి వైపు వస్తుంది. దానికి ఆ ఎంపిక ఉండి తీరాలి. పెట్టె అంతా ఒకే వేడిగా ఉంచడం దయ కాదు. హీటరు ఏదైనా థర్మోస్టాట్ లేకుండా ప్లగ్గు పెట్టకూడదు. కింద పరిచే మ్యాట్ పట్టు తప్పి 45 డిగ్రీలకు పోయినా పాము లేచి పక్కకు జరుగుతుందన్న నమ్మకం లేదు, పొట్ట కాలిపోయేదాకా అక్కడే పడుకోవచ్చు. కరెంటు పోయే రోజుల కోసం థర్మోకోల్ పెట్టె, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాలు సిద్ధంగా పెట్టుకుంది. అన్నట్టు, పాములన్నీ వేడికి పరాధీనాలే అనుకోకండి. మన అడవుల్లోని కొండచిలువ తల్లి గుడ్ల చుట్టూ చుట్టుకుని, కండలు వణికించి వాటికి వెచ్చదనం ఇస్తుంది.

వెలుగు సంగతి తేలికే. బాల్ పైథాన్ పుట్టిన ఘనా, బెనిన్ దేశాల్లో ఏడాది పొడవునా పగలు 12 గంటలకు కాస్త అటూ ఇటూ. మాకు డిసెంబరులో 11 గంటలు. డెట్రాయిట్‌లో తొమ్మిది. అందుకే టైమరు పెట్టి పొద్దున వెలిగించి సాయంత్రం ఆర్పాలి. రాత్రి చీకటి చీకటిగానే ఉండాలి. ఎర్రబల్బు పాముకు కనపడదని పాతకాలం పెంపకందార్లు అనేవారు గానీ అది నిజం కాదు. రాత్రి వేడికి వెలుగివ్వని సిరామిక్ హీటరు ఉంది. అద్దాల పెట్టెను కిటికీ ఎండలో పెట్టడం మాత్రం చలికాలంలోనూ ప్రమాదమే, గంటలో లోపల ఉడికిపోతుంది.

ఫిబ్రవరిలో కుబుసం ఒక్క ముక్కగా వచ్చింది. కళ్ల పొలుసులతో సహా.

వేడి, తేమ, వెలుగు మూడింటినీ పట్టి ఉంచే విద్య మా ఊరికి కొత్తది కాదు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో కొబ్బరి ఆకులను తినే నల్లతల గొంగళి పురుగు మీదికి వదలడానికి బ్రాకాన్, గోనియోజస్ అనే బుల్లి పరాన్నజీవులను పెంచుతారు. వాటి కోసం ముందు బియ్యపు చిలుక అనే రెక్కపురుగును పెంచాలి. గదిలో వేడి, తేమ తప్పితే గుడ్లు పొదగవు, రైతుకు అందాల్సిన పురుగు అందదు. హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులోనూ ఏటా చలికాలం సరీసృపాల గదుల్లో హీటర్లు, బల్బులు పెడతారు. ఇవన్నీ జీతం ఇచ్చి, మనుషుల్ని పెట్టి, రోజూ కొలతలు చూసి చేసే పనులు.

ఇది చదివి మనమూ ఓ పామును తెచ్చుకుందామని ఎవరికైనా అనిపిస్తే ఒక మాట. మన నేల మీది పామును పట్టి ఇంట్లో ఉంచడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులను ఉంచుకున్నవాళ్లు 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. చట్టం అలా ఉంచండి, ఇక్కడి పాముకు గది కట్టే అవసరమే లేదు. బాల్ పైథాన్ తన దేశంలో చెదపుట్టల్లో, ఎలుక బొరియల్లో ఉంటుంది. బెనిన్‌లోని విదా పట్నంలో వాటికి గుడి ఉంది, ఇళ్లలోకి వచ్చినా చంపరు. నాగుల చవితికి మనం పాలు పోసే పుట్ట కూడా చెదలు కట్టిందే. పాలు పాము ఆహారం కాదు గానీ, దాని ఇల్లు ఎక్కడుందో మన పెద్దలు సరిగ్గానే గుర్తుపట్టారు. బయట ఎండ, చలి ఎలా ఉన్నా పుట్ట లోపల వేడి, తేమ పెద్దగా మారవు.

కోనసీమలో పుట్టకు తోడు ఇంకో ఇల్లుంది. తోట మూలన నెలల తరబడి కదలని డొక్కల కుప్ప. పైన ఎండ తగిలి వెచ్చగా, అడుగున పొట్టు తడిగా, లోపల చీకటిగా ఉంటుంది. మా కోడలు వందల డాలర్లు పోసి కట్టుకున్నది ఇక్కడ ఊరికే దొరుకుతుంది. జెర్రిపోతు అందులో దూరుతుంది, కొన్నిసార్లు రక్తపింజర కూడా. మన కొబ్బరి పిందెలు కొరికే ఎలుకలను జెర్రిపోతు తింటుంది.

సంక్రాంతి ముందు తోటలు బాగుచేసుకుంటూ, భోగి మంటకు డొక్కలు ఏరుకుంటూ ఆ కుప్పల్ని కదుపుతారు. దయచేసి చీకట్లో చేతులు పెట్టకండి, కుప్పను ఉన్నచోటే తగలబెట్టకండి. పొద్దెక్కాక బూట్లు వేసుకుని, పొడుగు కర్రతో ఒక పక్క నుంచి మెల్లగా విప్పండి, రెండో పక్క దారి వదలండి. పాము కనబడితే అటవీ శాఖకో, మీ దగ్గర్లో పాములు పట్టి వదిలేవారికో కబురు చేయండి. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం వద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదపకుండా ఉంచి 108కు ఫోన్ చేయండి. విరుగుడు మందు దొరికేది ఆసుపత్రిలోనే.