ఏరియల్: ఆదియందుఁ బ్రేమ, అంతమందు వసంతము

సిల్వియా ప్లాత్ 1932లో అమెరికాయందు జనించినను, ఆమె ప్రౌఢకవిత్వము వెలసినది ఇంగ్లండునందే. 1963 ఫిబ్రవరిలో, ముప్పది యేండ్ల ప్రాయమున, ఆమె తన ప్రాణమును దానే తీసికొనెను. ఆ మృత్యువు నీడ "ఏరియల్" అను సంపుటిపై నేఁటికిని దొలఁగలేదు. పలువురు దానిని మరణగీతముగనే పఠించుచున్నారు. ఆ పఠనము యుక్తమా యనునది విచార్యము.

1965లో అచ్చైన ప్రతియందలి క్రమము ఆమె యేర్పఱచినది కాదు. భర్తయుఁ గవియు నగు టెడ్ హ్యూస్ కొన్ని పద్యములను విడిచి, మఱికొన్నిఁటిని జేర్చెను. అవసానదినములలోఁ బుట్టిన పద్యములు తుదకుఁ జేరినవి. అవి శక్తిహీనములు కావు. కాని వానివలన గ్రంథము ముగింపే మాఱినది. ఆమె కూర్చుకొన్న క్రమము 2004లో వెలువడెను. దాని మొదటి పదము ప్రేమ. తుది పదము వసంతము. ఈ సంగతిని ఆమెయే చెప్పియుండెను.

మొదటి పద్యము 1961 నాఁటి "మార్నింగ్ సాంగ్". పోతన భాగవతమున యశోదావాత్సల్యమును వర్ణించువాఁడు కవి; ఇచటఁ దల్లియే వక్త. ఆమె బిడ్డ తనదని చాటుకొనదు. తాను కురిసిన నీటి యద్దమునఁ దన క్షయమునే చూచుకొను మేఘముతోఁ దన్నుఁ బోల్చుకొనును. ఇది వాత్సల్యలోపమని శంకింపవచ్చును. కాని స్థాయిభావమును అనుభావములచేతనే యెఱుఁగవలయును. బిడ్డ యేడ్చినంతనే ఆమె పాలతో బరువెక్కిన మేనితోఁ దడఁబడుచు లేచును. మేఘోపమానమున నున్నది నిర్వేదమను వ్యభిచారిభావము మాత్రమే. ఆ లేచుటయే వాత్సల్యమునకు సాక్ష్యము.

చివరి పద్యము "వింటరింగ్", 1962 అక్టోబరున రచితము. దాంపత్యము విచ్ఛిన్నమగుచున్న కాలమది. డెవన్ పల్లెపట్టునఁ దేనెటీఁగలను బెంచిన యనుభవము దీనికి మూలము. శీతకాలమునకు ముందే పోతుటీఁగలు తుట్టెనుండి వెడలఁగొట్టఁబడును, మిగులునవి ఆఁడుటీఁగలే. ఈ ప్రకృతిధర్మమును గవయిత్రి యథాతథముగ గ్రహించి, ఆ తుట్టెచెంత ఊయలకడ నల్లికపనిలో నున్న స్త్రీని నిలిపినది. ఆమె దేహము చలిలో మొలకనడఁచుకొన్న దుంపవంటిది. మన కావ్యములలో వసంతము శృంగారమునకు ఉద్దీపనవిభావము. ఇచట నది ప్రియసమాగమమునకుఁ గాక, బ్రతికి నిలుచుటకు గుఱుతు.

ఆ వసంతమును గవయిత్రి చూడలేదనుట సత్యమే. ఐనను, కర్త మరణము కావ్యమునకు భరతవాక్యము కాఁజాలదు.