బొడ్డెమ్మ పాటలో పిల్లల వంతు: కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: బతుకమ్మకు ముందు ఆడే బొడ్డెమ్మను కన్నెపిల్లల ఆటగా ఒక వాక్యంలో పేర్కొని వదిలేయడం పరిశోధన వ్యాసాల్లో తరచుగా కనిపిస్తుంది. అర్థం తెలియని వయసులోనే బాలికను పండుగలోకి చేర్చుకొనే శక్తి ఈ పాటల నిర్మాణంలో ఎలా ఇమిడి ఉందో, ఇప్పటి వివరణ పాఠాలు దానిని ఎలా పక్కకు నెట్టాయో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: బొడ్డెమ్మ, బతుకమ్మ, వంత, కలవారి కోడలు, ఉత్తర తెలంగాణ, బాల్యం.

1. ఉపోద్ఘాతం

బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు, అంటే జనవ్యవహారంలోని పెత్రమాస నాడు, ఎంగిలిపూలతో మొదలై సద్దులతో ముగుస్తుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. అంతకు ముందు వచ్చే భాద్రపద బహుళ పక్షంలో ఊళ్లలో పెళ్లికాని ఆడపిల్లలు ఆడుకొనేది బొడ్డెమ్మ. బతుకమ్మ గురించి వచ్చిన రచనలు విస్తారంగా ఉన్నాయి. బొడ్డెమ్మకు వాటిలో దక్కిన చోటు మాత్రం స్వల్పం. జానపద గేయ పరిశోధనకు బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపద గేయ సాహిత్యము' బాట వేసిన తరువాత స్త్రీల పాటలు, పిల్లల పాటలు వేరువేరు శీర్షికల కింద చూడటం అలవాటైంది. బొడ్డెమ్మ పాట ఈ రెండింటిలో దేనికీ పూర్తిగా లొంగదు. పాడేది పిల్లలు, పాటలో ఉన్నది పెళ్లైన స్త్రీ. ఈ వైరుధ్యమే ఈ పరిశీలనకు ఆధారం.

2. మన్ను, పీట, బాయి

బతుకమ్మ పూలతో పేర్చేది, బొడ్డెమ్మ మన్నుతో చేసేది. పుట్టమన్ను తెచ్చి, నానబెట్టి, మెదిపి, పీట మీద అంతరాలుగా పెట్టి, అలికి, పూలతో అలంకరిస్తారు. పీట బొడ్డెమ్మ, గుంట బొడ్డెమ్మ, బాయి బొడ్డెమ్మ, పందిరి బొడ్డెమ్మ, అంతరాల బొడ్డెమ్మ అని చేసే తీరును బట్టి పేర్లున్నాయి. తాంబాళంలో గునుగు, తంగేడు కూలిపోకుండా వరుసలు పేర్చడానికి పెద్దవాళ్ల చేయి కావాలి. మన్ను పిసకడానికి ఐదేళ్ల చేయి చాలు. పనిలోనే వయసుకు తగిన మెట్టు ఉంది. ఈ పిల్లకు పండుగ గురించి ఎవరూ ఏమీ చెప్పరు. మన్ను తెమ్మంటారు, నీళ్లు పొయ్యమంటారు, చుట్టూ తిరగమంటారు. చివరి రోజు బొడ్డెమ్మను నిద్రపుచ్చే పాటలు పాడి నీళ్లలో వదులుతారు. తనను జోకొట్టి నిద్రపుచ్చిన పాటల బాణీలోనే పిల్ల దేవతను నిద్రపుచ్చుతుంది.

అయితే ఈ చిత్రాన్ని మరీ ముద్దుగా చూడటం సరికాదు. బొడ్డెమ్మ ఎవరి వాకిట్లో వేస్తారు, ఆ వాకిట్లోకి ఏ వాడ పిల్లలు వస్తారు అన్న లెక్క పలు గ్రామాల్లో కులాన్ని బట్టే సాగింది. పాట కన్నా ముందు పిల్లలు నేర్చుకొనేది ఈ హద్దునే. మగపిల్లల వాటా చాలావరకు పూలు కోసి తేవడంతో ముగిసిపోతుంది.

3. 'కలవారి కోడలు': ఒకే ప్రశ్న, ఒకే జవాబు

తెలుగునాట అంతటా వినిపించే 'కలవారి కోడలు' పాట తెలంగాణలో 'ఉయ్యాలో' వంతతో బతుకమ్మ, బొడ్డెమ్మ ఆటల్లోకి వచ్చింది. పప్పు కడుగుతున్న కోడలి దగ్గరకు అన్న వస్తాడు. పుట్టింటికి పంపమని ఆమె అత్తను అడుగుతుంది. తనకేమీ తెలియదు, మామను అడగమంటుంది అత్త. మామ బావగారి మీదికి, బావ తోడికోడలి మీదికి నెడతారు. చివరికి భర్త దగ్గర అనుమతి దొరుకుతుంది.

కథగా చూస్తే ఇది కోడలి పరాధీనత. నిర్మాణంగా చూస్తే పిల్లల ఆట. ప్రశ్న మారదు, జవాబు మారదు, మారేది అడిగించుకొనే మనిషి, ఆ మనిషి కూర్చున్న తీరు మాత్రమే. అత్త పీట మీద, మామ మంచం మీద, బావ భారతం చదువుతూ కనిపిస్తారు. రెండో చరణం వినేసరికి మూడో చరణం ఎలా ఉంటుందో పిల్ల ఊహించగలదు. ఒక్క మాట అందుకుంటే చరణమంతా తనదవుతుంది. ఆ మాట కూడా అందకపోతే 'ఉయ్యాలో' ఉంది. దానికి అర్థం తెలియనవసరం లేదు, శ్రుతి తప్పినా ఎవరూ ఆపరు. పాట చెప్పే స్త్రీకి మొత్తం కథ తెలియాలి, వంత పట్టే పిల్లకు ఆగే చోటు తెలిస్తే చాలు. ఒకే పాటలో రెండు వయసుల వారికి రెండు వేరు పనులున్నాయి.

ఫలితం కూడా రెండు విధాలుగా ఉంటుంది. పెద్దలందరూ వరుసగా 'నాకు తెలియదు' అంటుంటే చిన్నపిల్లకు అది నవ్వు పుట్టించే పునరుక్తి. పక్కన చప్పట్లు కొడుతున్న పెళ్లైన అక్కకు అదే మాట ఆ ఏడాది పుట్టింటికి రాగలగడానికి పడిన పాటు. ఆ నవ్వులో ధిక్కారం ఉందని కొందరు విమర్శకులు చదవవచ్చు. పాఠం అందుకు పూర్తిగా సహకరించదు. ఇంటి పెత్తనం తెలియదనే మాట వెనుక దాక్కుంటున్నదని పాట పట్టిచ్చిన మాట నిజమే. అయినా ముగింపులో ఆ పెత్తనాన్నే భర్త చేతిలో భద్రంగా పెడుతుంది. పండుగలోకి ప్రవేశం దొరికిన పిల్లకు దానితోపాటే ఇంటి అంతస్తుల పట్టిక కూడా కంఠతా వస్తుంది. బొడ్డెమ్మను నిర్దోషమైన బాల్యక్రీడగా వర్ణించే వ్యాసాలు దాటవేసేది ఈ అంశాన్నే.

4. సరిహద్దుకు అటువైపు

ఆదిలాబాద్ ప్రాంతం విదర్భను ఆనుకొని ఉంది. అక్కడ మరాఠీ ఆడపిల్లలు దాదాపు ఇదే కాలంలో భులాబాయి ఆడతారు. పశ్చిమ మహారాష్ట్రలో దీనికి దగ్గరిది భోండ్లా. ఆ పాటల్లో ప్రసిద్ధమైన ఒకదానిలో కోడలు పుట్టింటికి వెళ్తానంటే అత్త కాకర తీగ నాటి పొమ్మంటుంది. తీగ నాటితే మొలక రావాలంటుంది, మొలకెత్తితే పూత, పూస్తే కాయ అంటూ గడువు పొడిగిస్తూ పోతుంది. తెలుగు పాటలో అనుమతి మనుషుల మధ్య తిరిగితే, మరాఠీ పాటలో అది కాలంలో సాగుతుంది. చరణానికి ఒక మాట మారే అల్లిక రెండింటిలోనూ ఒకటే. ఆట చివర పళ్లెంలో ఉన్న ప్రసాదం ఏమిటో ఊహించి చెప్పడం కూడా అక్కడి పిల్లలకు ఒక ఆటే. వేరు భాషల్లో ఒకే ఉపాయం కనిపించడం వల్ల ఈ నిర్మాణం యాదృచ్ఛికం కాదని, చిన్నపిల్లలను పాటలోకి చేర్చుకోవడానికి స్త్రీలు రూపొందించుకొన్న పద్ధతి అని భావించడానికి వీలుంది. (ఆదిలాబాద్ గోండుల దండారి, గుస్సాడీలు దీపావళి కాలానికి చెందిన వేరే సంప్రదాయం. ప్రాంతీయత పేరుతో వాటిని బతుకమ్మతో ఒకే గంపలో వేయడం ఏ మాత్రం సమంజసం కాదు.)

5. తొమ్మిది పేర్ల పాఠం

ఇప్పటి పిల్లలకు పండుగ ఎక్కువగా వివరణగా అందుతోంది. ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు మొదలుకొని సద్దుల వరకు తొమ్మిది పేర్లు, ఒక పుట్టుక కథ, పూల ఔషధ గుణాలు. దసరా సెలవులకు ముందు బడి ఆవరణలో బతుకమ్మ ఆడిస్తారు. పాట స్పీకరు పాడుతుంది. రికార్డు పాటలో వంత కూడా ముందే నిండి ఉంటుంది కనుక పిల్లకు అందుకోవడానికి ఖాళీ ఉండదు. అడుగులు నేర్పితే సరిపోతుంది.

ఒకే నమూనా పట్టికతో మరో చిక్కు కూడా ఉంది. వేములవాడలో సద్దుల బతుకమ్మ ఏడవ రోజునే జరుపుకొంటారు. ఆ పట్టణపు పిల్ల తొమ్మిది రోజుల జాబితాను వల్లె వేస్తే, తన వీధి పండుగ తప్పేమో అన్న అనుమానం కలుగుతుంది. ఇక బొడ్డెమ్మకు సెలవులూ లేవు, బడి వేడుకలూ లేవు. పుట్టమన్ను దొరికే జాగా, అందరూ చేరే వాకిలి, దిగి నీళ్లు ముట్టగల బాయి ఉంటేనే అది సాగుతుంది. గోదావరిఖని, మంచిర్యాల వంటి బొగ్గుగని పట్టణాల క్వార్టర్లలో ఈ మూడూ ఒక్కచోట కుదరడం కష్టం. పిల్లలకు సంస్కృతి మీద ఆసక్తి తగ్గిందనే ఫిర్యాదు కన్నా ఈ భౌతిక కారణాలు ఎక్కువ బరువైనవి.

6. అచ్చులో రాలిపోయిన భాగం

లోపం బడిది మాత్రమే కాదు, సేకరణలదీ. పాటను అచ్చు వేసేటప్పుడు వంతను మొదటి చరణం దగ్గర ఒకసారి చూపి, తరువాత గుర్తుతో సరిపెట్టడం ఆనవాయితీ. మళ్లీమళ్లీ వచ్చే ప్రశ్న, జవాబులను చుక్కలతో కుదిస్తారు. కథ నడక చూసుకొనే పరిశోధకునికి అవి అదనపు బరువు. కాని కుదించినది సరిగ్గా పిల్లలు పాడే భాగాన్నే. పాట చెప్పిన స్త్రీ పేరు, ఊరు, వయసు నమోదవుతాయి. ఎదుట నిలబడి వంత పట్టినవారు ఎందరు, ఏ వయసువారు, ఏ చరణం దగ్గర గొంతు కలిపారు అన్నది నమోదు కాదు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో బొడ్డెమ్మ ఆడి పెరిగి ఇప్పుడు డెబ్బై దాటిన స్త్రీలను అడిగితే, పాటలో తాము ఎక్కడ మొదట అందుకున్నారో చెప్పగలరు. ఇకపై సేకరణ పత్రాల్లో ఆ ప్రశ్నకు ఒక గడి ఉండాలి.