మూడు వందల డాలర్ల లెక్క

హెమింగ్వే ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ’ 1952లో వచ్చింది. నేను ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో, రెండు సబ్జెక్టులు మిగిలిపోయి ఉన్న రోజుల్లో చదివాను. పడ్డా లేవాలని చెప్పే పుస్తకం అనుకున్నాను. ఆ తర్వాత ఆఫీసులో పదిమందికి అలాగే చెప్పాను కూడా. అది సగం చదువేనని తెలిసింది పసిఫికా పియర్ మీద.

శాన్‌ఫ్రాన్సిస్కోకి దక్షిణాన, సముద్రంలోకి వెయ్యి అడుగులకు పైగా చొచ్చుకెళ్ళిన పియర్ అది. 1973లో కట్టారు. కాలిఫోర్నియాలో పబ్లిక్ పియర్ మీద చేపలు పట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. చేప సైజుకీ, సంఖ్యకీ మాత్రం నియమాలున్నాయి. కాబట్టి పడవ లేనివాళ్ళంతా అక్కడికే వస్తారు. రెయిలింగు పొడుగునా గాలాలు, కాళ్ళ దగ్గర బకెట్లు.

ఆ నవంబర్ శనివారం ఒక పెద్దాయన పీతని పైకి లాగి కొలత పెట్టాడు. డంజెనెస్ పీత పెంకు అడ్డంగా 5.75 అంగుళాలుండాలి. ఇది కాస్త తక్కువ. తిరిగి నీళ్ళలోకి వదిలేశాడు. నేను ఫోన్‌లో వీడియో తీస్తూ, “ఇదంతా ధ్యానంలా ఉంటుంది కదండీ” అన్నాను. ఆయన బకెట్ చూపించి, “ఇంట్లో ఆరుగురం. పొద్దుట్నుంచీ రెండే పడ్డాయి” అన్నాడు.

ఇంటికొచ్చి పుస్తకం మళ్ళీ తీశాను. శాంటియాగోకి 84 రోజులుగా చేప పడలేదు. మనోలిన్ 40 రోజులకే పడవ మారాడు, ముసలాయన మీద ప్రేమ తగ్గి కాదు, తండ్రి మార్పించాడు. చేప చచ్చాక శాంటియాగో వేసే లెక్క అప్పట్లో నాకు కనపడనే లేదు: 1,500 పౌన్ల పైనే ఉంటుంది, కోసి శుభ్రం చేస్తే మూడింట రెండొంతులు, పౌను 30 సెంట్లు. పెన్సిలుంటే బాగుండేదనుకుంటాడు. నేను వేసి చూశాను. 300 డాలర్లు. మొదటి సొరచేప 40 పౌన్లు తినేస్తుంది. అంటే 12 డాలర్లు. అక్కణ్ణుంచి ప్రతి కాటూ ఈ ఖాతాలోంచే పోతుంది. ఓటమి, గెలుపు అని మనం పెద్ద మాటలు వాడే చోట ఆయనకి పోతున్నది తిండి.

పుస్తకం మీద నాకో ఫిర్యాదు కూడా ఉంది. కోసుకుపోయిన అరచేతులు, భుజాన తెరచాప కొయ్య, గుట్ట ఎక్కుతూ పడిపోవడం. క్రీస్తుని గుర్తుచేసే ఈ బొమ్మల బరువుకి, అంత శ్రద్ధగా మొదలెట్టిన లెక్క మునిగిపోతుంది. నాలాంటి పాఠకుడికి అక్కడే వీలు దొరికింది. బాధని మహిమ చేసేస్తే బకెట్ చూడక్కర్లేదు.

కానీ ఆ సంగతి హెమింగ్వేకి తెలిసినట్టే ఉంది. చివర్లో ఒక టూరిస్టు ఒడ్డున ఎముకల గూడు చూసి ఏమిటని అడుగుతుంది. వెయిటరు జరిగింది చెప్పబోయి సొరచేప అంటాడు. ఆవిడ అది సొరచేపదే అనుకుని, తోక అందంగా ఉందంటుంది. కాలేజీలో ఆవిణ్ణి చూసి నవ్వుకున్నాను.

నా వీడియో ఇంకా ఫోన్‌లోనే ఉంది. పీత నీళ్ళలో పడగానే ఆగిపోతుంది. బకెట్ అందులో లేదు.